కడుపుకూ మెదడుకూ నడుమ: మన వంటింటి సామానుతో ఎనిమిది వారాల దారి

మార్చి వచ్చిందంటే మా కాలేజీలో ఈ మాట రోజూ వినబడుతుంది: "మేడం, కడుపుల దేవినట్టయితుంది, జర బయటికి పోయొస్త." హాల్ టికెట్ చేతిలో పట్టుకున్న ఆ పిల్ల ముఖంలో నెత్తురుచుక్క ఉండదు. చదవక సాకులు చెబుతోందని ఎవరైనా కొట్టిపారేస్తే నాకు బాధేస్తుంది. ఆ తిప్పడం నిజం. భయం మెదడులో పుట్టి పేగుల్లోకి దిగింది, అంతే.

ఆ దారి ఎదురుగా కూడా నడుస్తుంది. నాకు అది అనుభవం. ఆరేళ్ల కిందట ఒకే ఏడాదిలో మూడుసార్లు యాంటీబయాటిక్ కోర్సులు మింగాను. రెండు జలుబు జ్వరాలకు, ఒకటి విరేచనాలకు. రాసిచ్చిన క్లినిక్‌లో ఒక్కసారి కూడా పరీక్ష చేయలేదు, ఎందుకని నేనూ అడగలేదు. ఆ తర్వాత ఏడెనిమిది నెలలు నాలుగు ముద్దలు తింటే చాలు, పొట్ట డప్పులా బిగుసుకునేది. రాత్రి రెండింటికి మెలకువ. పొద్దున లేస్తే ఏ పనీ చేయబుద్ధయ్యేది కాదు. అన్నింటికీ ఆ మందులే కారణమని నేను అనను. కానీ కడుపునూ మనసునూ కలిపి చూడడం అప్పుడే నేర్చుకున్నాను.

నేను జువాలజీ చెప్పే లెక్చరర్‌ను, డాక్టర్‌ను కాను. నేను పట్టిన దారినీ, తర్వాత చదివి దిద్దుకున్న తప్పులనూ వరుసగా రాస్తున్నాను. కావలసినవన్నీ నల్లగొండ, పాలమూరు అంగళ్లలో దొరికేవే.

మొదటి అడుగు: లోపల ఏం నడుస్తోందో తెలుసుకోండి

ఈ భాగం దాటేసి తిండి దగ్గరికి పోకండి. ఎందుకు చేస్తున్నామో తెలియకపోతే మూడో రోజే మానేస్తాం.

మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో వేసిన లెక్క. వాటిలో చాలా భాగం పెద్దపేగులోనే. మన సొంత కణాలకు ఇవి పది రెట్లని పాత పుస్తకాల్లో ఉండేది, నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను. అసలు లెక్క ఇంచుమించు సమానమే. ఇక పేగుల గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలున్నాయి. మెదడు చెప్పకపోయినా తిండిని ముందుకు నెట్టగల తెలివి వాటికి ఉంది.

ఈ రెండింటికీ మెదడుతో మాటలు నడిచే దారులు ముఖ్యంగా మూడు.

ఒకటి వేగస్ నాడి. మెదడు అడుగు నుంచి పొట్ట దాకా దిగే పొడవాటి తీగ. దాని పోగుల్లో దాదాపు 80 శాతం కింది నుంచి పైకి కబురు మోసేవే. మెదడు కడుపుకు ఆజ్ఞలు ఇస్తుందనుకుంటాం గానీ, కడుపు మెదడుకు చెప్పేదే ఎక్కువ.

రెండోది రసాయనాల దారి. నాడీకణాలు కబురు పంపుకునే రసాయనాల్లో సెరటోనిన్ ఒకటి. ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే తయారవుతుంది. కొన్ని రకాల బ్యాక్టీరియా ఆ తయారీని పెంచుతాయని 2015లో అమెరికాలోని కాల్టెక్ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. పేగుల్లో తయారైన సెరటోనిన్ నేరుగా మెదడులోకి పోదు, మెదడు చుట్టూ ఉన్న రక్షణ గోడ దాన్ని ఆపేస్తుంది. అది పేగుల కదలికను నడుపుతుంది, వేగస్ కొసలను తట్టి లేపుతుంది. "ఇది తినండి, సెరటోనిన్ పెరిగి సంతోషం వస్తుంది" అనే వీడియోలు ఈ ముక్క దాచేస్తాయి.

మూడోది రోగనిరోధక శక్తి. మనం అరిగించుకోలేని పీచును బ్యాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి చిన్న ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకు బ్యుటిరేటే ప్రధానమైన తిండి. పీచు దొరక్కపోతే గోడ బలహీనపడుతుంది, ఒంట్లో సన్నటి మంటలాంటి వాపు మొదలవుతుంది. ఆ వాపు కబుర్లు రక్తంలో మెదడు దాకా చేరి నీరసాన్నీ దిగులునూ పెంచుతాయి.

2004లో జపాన్‌లోని క్యూషు విశ్వవిద్యాలయం వాళ్లు ఒక్క బ్యాక్టీరియా కూడా లేకుండా పెంచిన ఎలుకలను కాసేపు ఇరుకు గొట్టంలో ఉంచారు. మామూలు ఎలుకల కంటే వాటిలో ఒత్తిడి హార్మోన్లు చాలా ఎక్కువగా ఎగిశాయి. ఒక మంచి రకం బ్యాక్టీరియాను పేగుల్లోకి ఇస్తే ఆ తేడా తగ్గింది. ఈ రంగమంతా ఊపందుకున్నది అక్కడి నుంచే.

అలాగని ఎలుక మనిషి కాదు. 2011లో లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియాలో ఒక రకం ఎలుకల బెదురును తగ్గించింది, వేగస్ నాడిని కోసేస్తే పనిచేయలేదు. చాలా గొప్ప ఫలితం. అదే రకాన్ని తర్వాత 29 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు ఇచ్చి చూస్తే ఏ తేడా రాలేదు. మనసు కుదుటపడుతుందని చెప్పి వెయ్యి రూపాయల క్యాప్సూల్ డబ్బా అమ్మేవాళ్లు ఎదురైనప్పుడు ఈ రెండో ముక్క గుర్తుంచుకోండి.

రెండో అడుగు: ముందు డాక్టర్ చూడాల్సినవి పక్కకు తీయండి

మలంలో రక్తం, లేదా తారులా నల్లటి మలం. ప్రయత్నించకుండానే బరువు తగ్గడం. నిద్రలోంచి లేపేంత నొప్పి లేదా విరేచనం. రక్తహీనత, ఆగి ఆగి వచ్చే జ్వరం, మింగడం కష్టమవడం. 45 దాటాక కొత్తగా మలవిసర్జన తీరు మారడం. ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉండడం. వీటిలో ఒక్కటున్నా ఇక్కడితో ఆగి జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికో, నల్లగొండ వైపు వాళ్లైతే బీబీనగర్ ఎయిమ్స్‌కో వెళ్లండి. అంబలి తాగుతూ నెలలు గడపకండి.

మూడో అడుగు: రెండు వారాలు నోటుబుక్కు

ఏమీ మార్చకుండా రాయడం ఒక్కటే. ఎన్ని గంటలకు ఏం తిన్నారు, కడుపు ఎలా ఉంది, మలం ఎలా వచ్చింది, ఎన్ని గంటలు నిద్రపోయారు, మనసు పదికి ఎంత. చివరి గడి చాలామంది వదిలేస్తారు, మనకు కావాల్సింది అదే.

నా నోటుబుక్కులో రెండు సంగతులు బయటపడ్డాయి. ఆదివారం రాత్రి కడుపు ఎప్పుడూ బాగుండేది కాదు. తిండి మీదికి నెట్టాను గానీ కారణం సోమవారం పొద్దునుండే మీటింగు. రెండోది, కాలేజీలో రోజుకు ఆరు చాయలు తాగుతున్నాను, పెద్ద స్పూనుడు చక్కెరతో, ఖాళీ కడుపున. ఇది నాకు నిజంగా తెలియదు, రాస్తేనే కనబడింది.

నాలుగో అడుగు: బ్యాక్టీరియాకు మేత పెంచండి, మెల్లగా

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. అందరూ తప్పు చేసేదీ ఇక్కడే.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన లెక్క ప్రకారం రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి 30 గ్రాముల పీచు కావాలి. అదే సంస్థ 2017 పట్టికలు చూడండి: వంద గ్రాముల తెల్ల బియ్యంలో పీచు మూడు గ్రాముల లోపే. జొన్నల్లో 10, తైదల్లో (రాగుల్లో) 11, సజ్జల్లో 11 పైచిలుకు. పొట్టుతో ఉన్న పెసర్లలో 17, శనగల్లో 25. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం తింటే బ్యాక్టీరియాకు దక్కేది దాదాపు ఏమీ లేదు.

మా అత్తమ్మది నారాయణపేట వైపు. చిన్నప్పుడు వాళ్లింట్లో పండుగకే వరి అన్నం, మిగతా రోజులు జొన్న రొట్టె, గట్క, అంబలి. అది పేదరికం, దాన్ని నేను గొప్ప చేయను. పాలమూరు నుంచి వలసపోయిన ఏ తల్లీ ఆరోగ్యం కోసమని గట్క తినలేదు. బియ్యం దొరకడం మంచిదే. పళ్లెంలో బియ్యం తప్ప ఇంకేమీ లేకపోవడమే నష్టం.

మొదటి వారం (నోటుబుక్కు రెండు వారాలు ముగిశాక): రాత్రి అన్నం బదులు రెండు జొన్న రొట్టెలు, ఏదైనా ఆకుకూర. అంతే, ఇంకేం మార్చొద్దు. రొట్టె చేయడం రాదంటే గట్క సులువు. ఒక గ్లాసు జొన్న రవ్వకు నాలుగు గ్లాసుల నీళ్లు, ఉప్పు, సన్నటి మంట మీద గట్టిపడేదాకా. పచ్చిపులుసుతో బాగుంటుంది.

రెండో వారం: వారానికి మూడు రోజులు సాయంత్రం బిస్కెట్ల బదులు గుడాలు. బబ్బెర్లు, పెసర్లు, శనగలు ఏవైనా సరే. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో ఉడికించండి. గ్యాస్ పుట్టించే చక్కెరలు కొంత ఆ నీళ్లతో పోతాయి. మొదట అరగుప్పెడుతో మొదలుపెట్టండి. నేను మొదటి రోజే గిన్నెడు శనగలు తిని రాత్రంతా నరకం చూశాను, "ఇదంతా ఉత్తదే" అని పది రోజులు మానేశాను. అప్పటిదాకా మేత లేని బ్యాక్టీరియాకు ఒక్కసారి పండుగ భోజనం పెడితే గ్యాస్ వచ్చి తీరుతుంది. అలవాటు పడడానికి వాటికి రెండు మూడు వారాలు కావాలి.

మూడు, నాలుగు వారాలు: కూరలు పెంచండి. పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు తినమంటాయి. మన ఇళ్లలో అన్నం కొండంత, కూర గోరంత. ఆ కొలత తిప్పి చూడండి. పుంటికూర, తోటకూర, గంగవాయిలి, మెంతికూర, చింతచిగురు ఎన్ని రకాలు మారిస్తే అంత మంచిది, ఎందుకంటే ఒక్కో బ్యాక్టీరియాకు ఒక్కో రకం పీచు ఇష్టం. పండ్లకు మనకు కొదవేముంది. నల్లగొండ బత్తాయి జ్యూస్ పిండుకోకుండా తెల్లటి పొరతో సహా తొనలు తినండి, పీచు ఆ పొరలోనే ఉంటుంది. జామకాయ వందకు ఎనిమిది గ్రాముల పైనే ఇస్తుంది. చలికాలం ముందు బాలానగర్ సీతాఫలం ఉండనే ఉంది, షుగర్ ఉన్నవాళ్లు మాత్రం కొలతతో తినాలి.

పీచు పెంచినప్పుడు నీళ్లు కూడా పెంచాలి, లేదంటే మలబద్ధకం ఇంకా ముదురుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఈ అడుగు వేయొద్దు. కడుపు బాగా సున్నితంగా ఉన్నవాళ్లకు ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, గోధుమ, పప్పులు కొన్నాళ్లు పడకపోవచ్చు. నోటుబుక్కు చూసి ఒక్కొక్కటే తగ్గించి, మళ్లీ ఒక్కొక్కటే తెచ్చుకోవాలి. అన్నీ ఒకేసారి, ఎప్పటికీ మానేయడం ఆ మంచి బ్యాక్టీరియాను పస్తు పెట్టడమే.

తిండి మారిస్తే ఒకటి రెండు రోజుల్లోనే పేగుల్లోని బ్యాక్టీరియా లెక్కలు కదలడం మొదలవుతుందని 2014లో అమెరికాలో చేసిన పరిశోధన చూపించింది. మానేస్తే మళ్లీ పాత తీరుకు వెళ్లడం కూడా అంతే త్వరగా జరిగింది. అందుకే నాలుగు రోజులు గట్టిగా చేసి వదలడం కంటే రాత్రిపూట ఆ రెండు రొట్టెలు ఏడాదంతా సాగడం నాకు మేలనిపిస్తుంది.

ఐదో అడుగు: పులిసినవి

2021లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 36 మంది పెద్దవాళ్లను రెండు గుంపులు చేసి పది వారాలు చూసింది. పెరుగులాంటి పులిసిన తిండి ఎక్కువ తిన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపును చూపే ప్రొటీన్లు తగ్గాయి.

మనకైతే సల్ల ఉంది. ఇంట్లో తోడేసిన పెరుగు చిలికి, రోజుకు రెండు గ్లాసులు. మరగబెట్టకండి, వేడి చారులో పోయకండి, వేడికి బ్యాక్టీరియా చస్తాయి. ఇడ్లీ, దోశ పిండి పులిసినా పొయ్యి మీదికి వెళ్తుంది కాబట్టి బతికున్న బ్యాక్టీరియా వాటి నుంచి రాదు. సులువుగా అరుగుతాయి, ఆ లాభం వేరు.

అంబలి ఇలా చేస్తాం. మూడు స్పూన్ల తైద పిండి లేదా జొన్న పిండి రాత్రి గ్లాసుడు నీళ్లలో కలిపి మూత పెట్టాలి. పొద్దున రెండు గ్లాసుల నీళ్లు మరిగించి, ఆ పిండి పోసి, ఉండకట్టకుండా కలుపుతూ పది నిమిషాలు ఉడికించాలి. పూర్తిగా చల్లారాకే సల్ల పోయాలి. సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, ఉప్పు. ఉడికిన పిండి బ్యాక్టీరియాకు మేత, సల్లలో బతికున్న బ్యాక్టీరియా. ఒకే చెంబులో రెండూ.

సద్దన్నం కూడా మంచిదే. వండి చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం అరగని రకంగా మారి పీచులా పనిచేస్తుంది. మే నెల ఎండల్లో మాత్రం అన్నం రాత్రంతా బయట వదలకండి, విషపు బ్యాక్టీరియా పెరుగుతుంది. గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున పెరుగు కలుపుకోండి.

పచ్చళ్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. మన ఆవకాయలో ఉప్పు, నూనె ఎక్కువ, అది ఊరుతుందే గానీ పెరుగులా పులవదు.

ఇక కల్లు. "కల్లు పులిసిందే కదా మేడం, కడుపుకు మంచిదే కదా?" అని నన్ను చాలామంది అడిగారు. ఆల్కహాల్ శాతం పెరిగేకొద్దీ అది పేగు గోడను దెబ్బతీస్తుంది, నిద్రను పాడుచేస్తుంది. అంతకంటే పెద్ద ప్రమాదం కల్తీ. ఆల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లు మన జిల్లాల్లో ఎన్నోసార్లు పట్టుబడింది. అవి నేరుగా మెదడు మీద పనిచేస్తాయి. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, నిద్రలేమి, పిచ్చిపిచ్చిగా మాట్లాడడం, ఫిట్స్ కూడా వస్తాయి, ప్రాణం మీదికి రావచ్చు. మీ ఇంట్లో ఎవరైనా మానాలనుకుంటే ఇంట్లో కట్టేసి మాన్పించకండి, ఆసుపత్రిలో మందుల మీద మెల్లగా మాన్పించాలి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మానిన నాలుగో రోజు మూర్ఛతో పడిపోయిన మనిషిని మా వాడలోనే చూశాను.

ఆరో అడుగు: గోళీల లెక్క తీయండి

ఇంట్లో ఉన్న మందుల డబ్బా తెచ్చి ముందు పెట్టుకోండి.

యాంటీబయాటిక్స్ ప్రాణాలు నిలబెడతాయి. టైఫాయిడ్‌కు, న్యుమోనియాకు రాసిస్తే డాక్టర్ చెప్పినన్ని రోజులూ వాడి తీరాలి. జలుబుకు, వైరల్ జ్వరానికి మాత్రం అవి పనిచేయవు, పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను మాత్రం చంపుతాయి. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వాడితే పేగుల్లో రకాలు తగ్గిపోవడం, నాలుగు వారాల్లో చాలావరకు తిరిగి రావడం, కొన్ని మాత్రం రాకపోవడం 2008లోనే గమనించారు. మెడికల్ షాపులో అడిగి రెండు గోళీలు కొనుక్కోవడం, ఊళ్లో సూది వేయించుకోవడం ఆపండి. డాక్టర్ రాస్తే "ఇది బ్యాక్టీరియా జబ్బేనా సార్? పరీక్ష అవసరమా?" అని మర్యాదగా అడగండి. మామూలు విరేచనాలకు ముందు కావాల్సింది ఓఆర్‌ఎస్.

కోర్సు అయ్యాక ప్రోబయోటిక్ (బతికున్న మంచి బ్యాక్టీరియా నింపిన) క్యాప్సూల్ తప్పదనుకుంటారు. 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు చూసినప్పుడు, అవి వాడినవాళ్ల సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఆలస్యమైంది. డాక్టర్ ప్రత్యేకంగా చెప్పకపోతే, మామూలు తిండి, పీచు చాలు.

గ్యాస్ గోళీ ఇంకో సంగతి. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ పొద్దున్నే చాయకు ముందు వేసుకోవడం చాలా ఇళ్లలో అలవాటైపోయింది. కడుపులో ఆమ్లం తగ్గితే, నోటి నుంచి దిగే బ్యాక్టీరియాను అడ్డుకునే కాపలా కూడా తగ్గుతుంది. ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గవచ్చు, అది తగ్గితే చేతులు కాళ్లు తిమ్మిర్లు, మతిమరుపు, దిగులు. శాకాహారులు మరీ జాగ్రత్త. పుండు ఉన్నవాళ్లకు, గుండెకు రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లకు ఆ గోళీ అవసరం కావచ్చు కాబట్టి సొంతంగా ఆపకండి. ఒక్కసారి ఆపితే ఆమ్లం ఎగదన్నుతుంది కూడా. డాక్టర్‌తో మాట్లాడి తగ్గించుకుంటూ రావాలి.

ఏడో అడుగు: పై నుంచి కిందికి

ఇప్పటిదాకా కడుపు నుంచి మెదడుకు పోయాం. మా పరీక్ష పిల్లలకు పనికొచ్చేది ఎదురు దారి.

నేను వాళ్లతో చేయించేది ఇంతే: బల్ల మీద కూర్చుని ఒక చెయ్యి పొట్ట మీద పెట్టి, నాలుగు లెక్కపెట్టేదాకా గాలి పీల్చాలి, చెయ్యి పైకి లేవాలి. ఆరు లెక్కపెట్టేదాకా వదలాలి. నిమిషానికి ఆరు ఊపిరులు, ఐదు నిమిషాలు. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ చురుకై గుండె వేగం తగ్గుతుంది. పరీక్ష రోజే మొదలుపెడితే పెద్దగా ఫలితం ఉండదు, రెండు వారాల ముందు నుంచి రోజూ చేసిన పిల్లల్లోనే తేడా చూశాను.

రాత్రి తిండి పడుకునే ముందు కనీసం రెండు మూడు గంటల కిందటే ముగించండి. తిన్నాక పావుగంట నడక. నిద్ర వేళలు మారితే బ్యాక్టీరియా వేళలూ చెదురుతాయి.

ఎనిమిదో అడుగు: మనసుకు వైద్యం అడగండి

ఆస్ట్రేలియాలో 67 మంది డిప్రెషన్ రోగులతో చేసి 2017లో ప్రచురించిన ప్రయోగంలో, పన్నెండు వారాలు మంచి తిండి తిన్న గుంపులో 32 శాతం మంది జబ్బు నుంచి బయటపడ్డారు, కేవలం తోడుగా కూర్చుని మాట్లాడిన గుంపులో 8 శాతం. వాళ్లలో చాలామంది అప్పటికే వాడుతున్న వైద్యాన్ని మానలేదు. తిండి దానికి తోడైంది.

రెండు వారాలకు మించి దిగులు వదలకపోతే, దేనిమీదా ఇష్టం లేకపోతే, చచ్చిపోవాలనే ఆలోచన వస్తే గట్క, సల్ల సరిపోవు. 14416కు ఫోన్ చేయండి. అది టెలీమానస్, మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇప్పటికే గోళీలు వాడుతుంటే ఈ దారి మొదలుపెట్టామని వాటిని ఆపొద్దు.

ఎనిమిది వారాలయ్యాక

మొదటి రెండు వారాల పేజీలూ, చివరి రెండు వారాల పేజీలూ పక్కపక్కన పెట్టండి. నాకు ఉబ్బరం ఐదో వారానికి సగమైంది, నిద్ర ఏడో వారంలో కుదిరింది, మనసు నాలుగు నుంచి ఆరుకు వచ్చింది. పదికి రాలేదు. చాయలు రెండుకు తగ్గించడానికి మాత్రం ఇంకో మూడు నెలలు పట్టింది.

మలం పంపితే బ్యాక్టీరియా లెక్క చెప్పి మీకే ప్రత్యేకమైన తిండి రాసిస్తామనే ప్యాకెట్లు ఇప్పుడు ఫోన్‌లో కనిపిస్తున్నాయి. వాటి మీద వేల రూపాయలు పెట్టే బదులు ఆ డబ్బుతో రెండు నెలల జొన్నలు, పెసర్లు కొనుక్కోండి.

ఏ తేడా లేకపోతే ఆ నోటుబుక్కు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లి ఇలా చెప్పండి: "సార్, ఇన్ని వారాల్లో ఇన్ని రోజులు నొప్పి. మలవిసర్జన అయ్యాక తగ్గుతుంది, లేదా తగ్గట్లేదు. ఈ మందులు ఇన్నాళ్లుగా వాడుతున్న. నిద్ర ఇట్లుంది, మనసు ఇట్లుంది." పేగుకూ మెదడుకూ నడుమ మాట తప్పడం వల్ల వచ్చే ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) లాంటి జబ్బులను డాక్టర్లు గుర్తుపట్టేది ఈ వివరాలతోనే. థైరాయిడ్, రక్తహీనత, బి12, గోధుమ పడకపోవడం చూసే పరీక్షలు అవసరమా అని కూడా అప్పుడే అడగండి.